కొలెస్ట్రాల్ మాత్ర ఖరీదు: ఆక్లాండ్ మందుల కౌంటర్ నేర్పిన పాఠాలు

న్యూజీలాండ్ ప్రభుత్వానికి ఒక అటోర్వాస్టాటిన్ మాత్ర కొన్ని సెంట్లకే పడుతుంది. అయినా "ఖరీదమ్మా, భరించలేక మానేశాను" అన్న మనవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు. డబ్బు నిజంగానే పోయింది, కాకపోతే మాత్రకు కాదు. అది ఎక్కడ పోయిందో తెలియక, చివరికి చేతికందిన మాత్రనే వదిలేశారు. ఆక్లాండ్‌లో మందుల కౌంటర్ వెనక ఎన్నో ఏళ్లు నిలబడి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. శాండ్రింగ్‌హామ్‌లో కూరగాయలకు వెళ్లినా, తెలుగు సంఘం ఉగాదికి వెళ్లినా నన్ను పక్కకు పిలిచి అడిగేది ఈ సంగతే. అందరికీ విడివిడిగా చెప్పేది ఒకచోట రాస్తున్నాను.

1. మాత్ర ధర వేరు, మీరు కట్టే డబ్బు వేరు

ఈ దేశంలో ఏ మందుకు ప్రభుత్వం డబ్బు పెట్టాలో తేల్చేది ఫార్మాక్ అనే సంస్థ. 1993లో పెట్టారు. దేశం మొత్తానికి కావలసిన మందును ఒకేచోట బేరమాడి కొనడం దాని పని. పేటెంటు తీరిపోయిన మందుకు టెండరు పిలుస్తుంది. గెలిచిన కంపెనీకి కొన్నేళ్లపాటు దేశంలోని అమ్మకం దాదాపు మొత్తం దక్కుతుంది కాబట్టి కంపెనీలు ధర బాగా దించుతాయి. 2006లో అటోర్వాస్టాటిన్ బ్రాండైన లిపిటార్ ఒక్కదాని మీదే ఫైజర్ కంపెనీ దాదాపు 1,300 కోట్ల అమెరికన్ డాలర్ల అమ్మకాలు చేసింది. అదే మందు ఇవాళ సెంట్ల లెక్కన వస్తోందంటే పేటెంటు పోవడం ఒక కారణం, ఈ బేరం మరో కారణం.

మీరు కౌంటర్ దగ్గర కట్టే 5 డాలర్లు మందు ధర కాదు. మూడు నెలల చీటీకి, ఒక్కో ఐటమ్‌కు, మీ వంతుగా ప్రభుత్వం పెట్టిన రుసుము. 2013 జనవరిలో 3 నుంచి 5 డాలర్లు చేశారు. 2023 జులైలో పూర్తిగా ఎత్తేశారు. 2024 జులైలో మళ్లీ పెట్టారు. అలా తిరిగి పెట్టినప్పుడు 65 దాటినవాళ్లను, 14 ఏళ్లలోపు పిల్లలను, తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే కమ్యూనిటీ సర్వీసెస్ కార్డు ఉన్నవాళ్లను మినహాయించారు. ఈ మార్పుల మధ్య చాలామంది పెద్దవాళ్లు తికమకపడ్డారు. 70 ఏళ్ల పెద్దాయన పర్సు తీసి "ఎంతమ్మా?" అని అడుగుతుంటే, "మీకేమీ లేదు బాబాయిగారూ" అని చెప్పడం నాకు ఎంతో ఇష్టమైన పని.

కొన్ని పెద్ద డిస్కౌంట్ ఫార్మసీలు ఆ 5 డాలర్లు కూడా తీసుకోవు, తామే భరిస్తాయి. అక్కడికి వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు. అయితే మీ మందులన్నీ తెలిసిన ఫార్మసిస్టు ఒకరు ఉండటం కూడా విలువైనదే. రెండు షాపుల్లో మందులు తీసుకునేవాళ్లు ఏ మందుకు ఏది పడదో చూసుకునే బాధ్యతను తమ మీదే వేసుకుంటున్నారు. రుసుము లేని చోటుకే వెళ్లాలనుకుంటే అన్ని మందులూ అక్కడికే మార్చుకోండి.

2. పెట్టె మారిందా, మందు మారిందా?

కౌంటర్ దగ్గర నేను చూసిన గొడవల్లో సగం దీని గురించే. "పోయినసారి ఇచ్చినవి కావివి, చవక మందు అంటగట్టారు" అంటారు. లిపిటార్, జారాటర్, లోర్‌స్టాట్... పేర్లు మూడైనా లోపల ఉన్నది అటోర్వాస్టాటిన్ ఒక్కటే. టెండరు ఎవరు గెలిస్తే వాళ్ల పెట్టె వస్తుంది. మన ఊళ్లో అటోర్వా, స్టోర్వాస్, అటోకార్ అని కొన్నది కూడా ఇదే. అటోకార్ చేసే డాక్టర్ రెడ్డీస్ మన హైదరాబాద్ కంపెనీయే. అక్కడ కళ్లు మూసుకుని మింగిన జెనరిక్ మందును ఇక్కడ అనుమానించడానికి కారణం లేదు. పెట్టె మీద పెద్ద అక్షరాల పేరు వదిలేసి, ఫార్మసీ అంటించిన లేబుల్ మీద మందు పేరు, మిల్లీగ్రాములు చూడండి. ఆ రెండూ పాతవే అయితే నిశ్చింతగా వేసుకోండి.

అయితే ప్రశ్న అడగడం మాత్రం మానకండి. దానికి కారణం ఈ దేశపు చరిత్రలోనే ఉంది. 1997లో ఫార్మాక్ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందులన్నిటినీ ఒకే గాటన కట్టి, చవకగా దొరికే ఫ్లూవాస్టాటిన్ ధర వరకే సబ్సిడీ ఇస్తామంది. సిమ్వాస్టాటిన్ వేసుకుంటున్నవాళ్లు తేడా డబ్బు చేతి నుంచి పెట్టుకోవాలి, లేదా మందు మార్చుకోవాలి. చాలామంది మార్చుకున్నారు. ఫ్లూవాస్టాటిన్ అంత బలమైనది కాదు. అలా మార్చుకున్న ఒక చిన్న సమూహంలో కొలెస్ట్రాల్ మళ్లీ పెరిగిందని, రక్తనాళాలు మూసుకుపోయే సంఘటనలు ఎక్కువయ్యాయని 1998లో ఒటాగో వైద్యులు లాన్సెట్ పత్రికలో రాశారు. పెద్ద వివాదమైంది. నేను పనిలో చేరిన కొత్తలో సీనియర్ ఫార్మసిస్టులు ఆ రోజుల గురించి ఇంకా చెప్పుకునేవారు.

అక్కడ మారింది పెట్టె కాదు, మందే. అందుకే కౌంటర్ దగ్గర అడగాల్సిన మాట ఇది: "కంపెనీ మారిందా, మందు మారిందా?" కంపెనీ మారితే సందేహం లేకుండా తెచ్చుకోండి. మందే మారితే ఎందుకు మార్చారో, మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడో డాక్టరును అడగండి.

3. ఇండియా గుళిక ఒకటి ఇక్కడ రెండు ఐటమ్‌లు

మన దగ్గర గుండె డాక్టర్లు ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిపి ఒకే గుళికగా రాస్తారు. ఎకోస్ప్రిన్ ఏవీ అంటే తెలియని తెలుగు ఇల్లు ఉండదేమో. ఇక్కడికొచ్చాక డాక్టరు ఆ రెంటినీ విడివిడిగా రాస్తారు. రెండు లేబుళ్లు, రెండు రుసుములు. బీపీ మాత్ర, షుగరు మాత్ర కూడా ఉంటే మూడు నెలల చీటీ తెచ్చుకున్న ప్రతిసారీ ఒక్క మనిషికి నాలుగు ఐటమ్‌లు, 20 డాలర్లు.

దీనికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు సంగతి తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఫిబ్రవరి 1 నుంచి మరుసటి జనవరి 31 వరకు ఒక కుటుంబం 20 ఐటమ్‌లకు రుసుము కడితే, మిగతా ఏడాదికి ఇక కట్టనక్కర్లేదు. భార్య, భర్త, వాళ్ల మీద ఆధారపడిన పిల్లలు కలిపి ఒక కుటుంబం. ఇద్దరికీ చెరి మూడు మందులు మూడు నెలల చీటీలతో ఉంటే ఏడాదికి 24 ఐటమ్‌లు అవుతాయి. 20కి 100 డాలర్లు కట్టాక చివరి 4 ఉచితం. భార్య పని దగ్గరున్న షాపులో, భర్త ఇంటి దగ్గరున్న షాపులో తెచ్చుకుంటుంటే ఇద్దరూ ఒకే కుటుంబమని ఎవరికీ తెలియకపోవచ్చు. నోరు తెరిచి చెప్పండి: "మేమిద్దరం ఒకే కుటుంబం, మా లెక్క కలపండి." రసీదులు దాచుకోండి.

4. మాత్ర విరిస్తే డబ్బు మిగలదు

80 మిల్లీగ్రాముల మాత్ర తెచ్చుకుని రెండు ముక్కలు చేసుకుంటే లాభమని కొందరు అనుకుంటారు. ఇండియాలో, అమెరికాలో డోసును బట్టి ధర మారుతుంది కాబట్టి ఆ లెక్క పుట్టింది. ఇక్కడ 10 మిల్లీగ్రాములకూ 5 డాలర్లే, 80కీ 5 డాలర్లే. రోజు విడిచి రోజు వేసుకుని డబ్బాను ఆరు నెలలు లాగడం కూడా ఇలాంటిదే. 15 రోజులకో డాలరు కూడా మిగలదు, మందు సరిగా పనిచేయదు.

5. పర్సు ఖాళీ అయ్యేది డాక్టరు గది దగ్గర

మాత్ర 5 డాలర్లు. దానికి చీటీ రాయించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్తే దానికి ఎన్నో రెట్లు అవుతుంది. ఫీజు ఊరిని బట్టి, క్లినిక్‌ను బట్టి మారుతుంది. నిజమైన ఖర్చు ఇక్కడుంది కాబట్టి జాగ్రత్త కూడా ఇక్కడే పెట్టాలి.

మొట్టమొదట, ఒక క్లినిక్‌లో పేరు నమోదు చేసుకోండి. నమోదైనవాళ్లకు ప్రభుత్వం క్లినిక్‌కు కొంత డబ్బు ఇస్తుంది, అందుకే మీ ఫీజు తగ్గుతుంది. నమోదు కాకుండా వెళ్తే పూర్తి ఫీజు. ఆదాయం తక్కువున్న పేటల్లో కొన్ని క్లినిక్‌లు చాలా తక్కువ ఫీజుకే చూస్తాయి. కమ్యూనిటీ సర్వీసెస్ కార్డు ఉంటే చాలాచోట్ల ఇంకా తగ్గుతుంది. కొత్తగా వచ్చి ఒక్క జీతం మీద బతుకుతున్న కుటుంబాలు ఆ కార్డుకు అర్హత ఉండి కూడా అడగరు. అడగడం అడుక్కోవడం కాదు. మీరు కట్టే పన్నుతో నడిచే ఏర్పాటే అది.

రెండోది, ప్రతిసారీ డాక్టరును చూడనక్కర్లేదు. ఆరోగ్యం నిలకడగా ఉంటే ఫోన్ చేసి రిపీట్ చీటీ అడగవచ్చు, దానికి ఫీజు తక్కువ. 2026 ఫిబ్రవరి నుంచి నిలకడగా ఉన్నవాళ్లకు డాక్టరు ఏడాదికి సరిపడా చీటీ రాయడానికి వీలుంది. మందు మాత్రం మూడు నెలలకోసారి వెళ్లి తెచ్చుకోవాలి. ఏళ్ల తరబడి ఒకే డోసు అటోర్వాస్టాటిన్ వేసుకుంటున్నవాళ్లకు ఇది మంచి వెసులుబాటు. డాక్టరు తనంతట తాను రాయకపోతే మీరే ప్రస్తావించండి.

రక్తపరీక్షకు మాత్రం భయపడకండి. అర్హత ఉన్నవాళ్లకు డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ పరీక్షకు ల్యాబులో డబ్బు తీసుకోరు. మామూలుగా పరగడుపున వెళ్లాల్సిన పని కూడా లేదు.

6. అమ్మానాన్నలు వస్తున్నారా? విమానం టికెట్‌కు ముందే మందుల లెక్క

నన్ను బాగా బాధపెట్టిన సంగతులన్నీ ఈ పాఠంలోనే ఉన్నాయి.

పైన చెప్పిన 5 డాలర్లు, 20 ఐటమ్‌లు, 65 దాటినవాళ్లకు మినహాయింపు, ఏదీ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు వర్తించదు. పౌరులకు, రెసిడెంట్ వీసా ఉన్నవాళ్లకు, రెండేళ్లు లేదా అంతకు మించి ఉండనిచ్చే వర్క్ వీసా ఉన్నవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఉన్న హక్కులవి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకూ లేవు, వాళ్లు బీమా మీద ఆధారపడాలి. ఆస్ట్రేలియా, బ్రిటన్ వాళ్లతో ఈ దేశానికి ఆరోగ్య ఒప్పందాలున్నాయి. ఇండియాతో లేదు. 75 ఏళ్ల తల్లి విజిటర్ అయితే మందుకు పూర్తి ధర కడుతుంది, డాక్టరుకు పూర్తి ఫీజు కడుతుంది. ఆ ఫీజు 100 డాలర్లు దాటడం మామూలే. అదే తల్లికి రెసిడెంట్ వీసా వస్తే అన్ని అర్హతలూ వస్తాయి, రుసుము కూడా ఉండదు.

కాబట్టి విజిటర్‌గా వచ్చేవాళ్లు మందులు వెంట తెచ్చుకోవాలి. మూడు నెలలకు సరిపడా తేవచ్చు. స్ట్రిప్పుల నుంచి విప్పి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుని రాకూడదు, కంపెనీ ప్యాకింగ్‌లోనే ఉండాలి. ఇంగ్లీషులో డాక్టరు చీటీ గానీ ఉత్తరం గానీ వెంట ఉండాలి. ఈ దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో మందులున్నాయని తప్పకుండా రాయాలి. రాసినందువల్ల ఎవరికీ నష్టం జరగగా నేను చూడలేదు.

ఆరు నెలలు ఉండేవాళ్ల కష్టం నాలుగో నెలలో మొదలవుతుంది. "తమ్ముడు విజయవాడ నుంచి కొరియర్ చేస్తాడు" అంటారు. డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందులు పోస్టులో వస్తే ఇక్కడి అధికారులు ఆపుతారు, ఇక్కడి డాక్టరు చీటీ చూపించమంటారు. ఆ చీటీకి ఎలాగూ డాక్టరు ఫీజు కట్టాలి. కడుతున్నప్పుడు ఆ మందేదో ఇక్కడే కొనడం మేలు. పూర్తి ధర అయినా అటోర్వాస్టాటిన్ లాంటి పాత జెనరిక్ మరీ ఎక్కువ కాదు. పూర్తి ధర షాపుకో రకంగా ఉంటుంది కాబట్టి రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి కనుక్కోండి. అడిగేటప్పుడు బ్రాండు పేరు కాదు, మందు పేరు, డోసు, ఎన్ని మాత్రలు కావాలో చెప్పండి. డాక్టరుకు ఒకసారి చూపించుకున్నప్పుడే ఉన్నన్నాళ్లకు సరిపడా అన్ని మందులూ ఒకే చీటీలో రాయించుకోండి.

ఇంకో అపోహ ఉంది, ప్రమాదకరమైనది. "విజిటర్లకూ ఏసీసీ ఉందిగా, ఆస్పత్రి ఖర్చు వాళ్లే చూసుకుంటారు" అంటారు. ఏసీసీ అనే ప్రభుత్వ బీమా ప్రమాదాలకు, గాయాలకు. మెట్ల మీద జారిపడితే చూస్తుంది. గుండెపోటు ప్రమాదం కిందకు రాదు, ఆ బిల్లు వేల డాలర్లలో పిల్లల మీద పడుతుంది. ప్రయాణ బీమాలో కూడా ముందునుంచీ ఉన్న జబ్బులు చెప్పి రాయించుకోకపోతే చెల్లవు. 2025 సెప్టెంబరు 29 నుంచి దరఖాస్తులు తీసుకుంటున్న పేరెంట్ బూస్ట్ అనే తల్లిదండ్రుల వీసాకు ఆరోగ్య బీమా ఉండాలని షరతు పెట్టారు. బీమా కాగితం వీసా కోసమే అనుకోకుండా, కొలెస్ట్రాల్, బీపీ, పాత స్టెంట్ అన్నీ రాయించండి. నాలుగు నెలలు ఉండి మనవణ్ణి పెంచి పెట్టే తల్లి, "మందులు అయిపోయాయని చెబితే పిల్లలకు ఖర్చు" అని నోరు కట్టుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను. కోడలు ఒక్కమాట అడిగితే చెప్పేది. అడగండి: "అత్తయ్యగారూ, మీ మాత్రలు ఎన్నాళ్లకున్నాయి?"

7. 4 వచ్చిందని సంబరపడకండి

ఇండియాలో కొలెస్ట్రాల్‌ను మిల్లీగ్రాముల్లో రాస్తారు, ఇక్కడ మిల్లీమోళ్లలో. ఇక్కడి అంకెను 38.7తో గుణిస్తే అక్కడి అంకె వస్తుంది. చెడు కొలెస్ట్రాల్ అని మనం అనే ఎల్‌డీఎల్ ఇక్కడ 2.6 అంటే అక్కడ 100. 4 అంటే 155. "నాన్నగారికి 4 వచ్చింది, ఇక మాత్ర ఎందుకు" అని ఆపేసిన కొడుకులున్నారు.

ఇక్కడి డాక్టర్లు ఆ అంకె ఒక్కటే చూసి మందు రాయరు. వయసు, బీపీ, షుగరు, పొగ, కుటుంబ చరిత్ర, జాతి కలిపి రాబోయే ఐదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఎంతో లెక్కిస్తారు. 15 శాతం, అంతకు మించి ఉంటే మందు వేసుకోమంటారు, ఎల్‌డీఎల్ 1.8 కంటే తగ్గేలా చూస్తారు. 5 నుంచి 15 మధ్య ఉంటే మీతో మాట్లాడి నిర్ణయిస్తారు. ఈ లెక్కకు వాడే సూత్రం, ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు లక్షలమంది న్యూజీలాండర్ల వివరాలతో తయారుచేసి 2018లో లాన్సెట్‌లో ప్రచురించినది. యూరోపియన్లతో పోలిస్తే భారతీయులకు ముప్పు ఎక్కువని అందులో తేలింది. అందుకే మామూలుగా మగవాళ్లకు 45 నుంచి చేసే ఈ లెక్క దక్షిణాసియా మగవాళ్లకు 30 నుంచే మొదలవుతుంది. ఆడవాళ్లకు 55కు బదులు 40. ముప్పై దాటిన మన ఐటీ కుర్రాళ్లు దీన్ని తమకు సంబంధించినది కాదనుకుంటున్నారు. సంబంధం ఉంది.

రోసువాస్టాటిన్ గురించి ఒక మాట. ఇండియాలో అది ఎవరికైనా రాస్తారు. ఇక్కడ 2021 డిసెంబరులో ప్రభుత్వం డబ్బు పెట్టడం మొదలుపెట్టినప్పుడు షరతులు పెట్టింది. ముప్పు ఉన్న మావోరీ, పసిఫిక్ ప్రజలకు దారి సులువు చేసింది. తరతరాలుగా గుండె జబ్బు వాళ్లను ఎక్కువగా తీసుకుపోతోంది కాబట్టి అది న్యాయమే. మిగతావాళ్లు ముందు అటోర్వాస్టాటిన్ గానీ సిమ్వాస్టాటిన్ గానీ పూర్తి డోసులో వాడి, అయినా ఎల్‌డీఎల్ తగ్గకపోతేనే అర్హులని చెప్పింది. ముప్పు ఎక్కువని ఇక్కడి లెక్కే చెబుతున్న భారతీయులను కూడా ఆ మొదటి వరుసలో చేర్చి ఉండాల్సిందని నా అభిప్రాయం. అంతవరకు, అటోర్వాస్టాటిన్‌తో ఎల్‌డీఎల్ దిగితే అదే చాలు. పేరు కోసం డబ్బు పెట్టి కొనుక్కోవద్దు.

మందుల ప్రకటనలు నేరుగా జనానికి చూపించనిచ్చే దేశాలు ప్రపంచంలో రెండే, అమెరికా, న్యూజీలాండ్. టీవీలో చూసిన మందు మంచిదనీ చూడనిది పాతదనీ అనుకోకండి.

8. మాత్ర మానేసి గుళికలు కొనేవాళ్లకు

"ఇంగ్లీషు మందు పడదు" అని 5 డాలర్ల మాత్ర ఆపి, దానికి ఎన్నో రెట్లు పెట్టి ఆరోగ్య దుకాణాల్లో చేపనూనె, వెల్లుల్లి గుళికలు, ఎర్ర ఈస్టు బియ్యం కొంటున్నారు. ఎర్ర ఈస్టు బియ్యంలో కొలెస్ట్రాల్ తగ్గించే పదార్థం మొనకోలిన్ కె. అది లోవాస్టాటినే, 1987లో అమెరికా అనుమతించిన మొదటి స్టాటిన్. అసలు స్టాటిన్లు పుట్టిందే బూజు నుంచి. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో పెనిసిలియం బూజులో మొదటిదాన్ని కనిపెట్టారు. అంటే డోసు కొలిచి, పరీక్షించి 5 డాలర్లకు ఇస్తున్నదాన్ని వదిలి, డోసు తెలియని అదే మందును ఎక్కువ ధరకు కొంటున్నారన్నమాట.

ఒళ్లునొప్పుల సంగతి కొట్టిపారేయను. కొందరికి నిజంగా వస్తాయి. కండరాలు బాగా నొప్పెట్టి, మూత్రం ముదురు రంగులోకి మారితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కానీ 2020లో లండన్‌లో ఒక పరీక్ష చేశారు. బాధలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అటోర్వాస్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, కొన్ని నెలలు ఏమీ ఇవ్వలేదు. ఏది మందో, ఏది ఉత్తదో వాళ్లకు చెప్పలేదు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. ఆ ఫలితం చూసి దాదాపు సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు. నొప్పి వస్తే డాక్టరుకు చెప్పండి. డోసు తగ్గించవచ్చు, వేరే స్టాటిన్ ఇవ్వవచ్చు, మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చు. వీటిలో దేనికీ రుసుము పెరగదు.

9. ఈ వారంలో చేయవలసిన పని

మీ ఇంట్లో 30 దాటిన మగవాళ్లు, 40 దాటిన ఆడవాళ్లు గుండె ముప్పు లెక్క చేయించుకోకపోతే క్లినిక్‌కు ఫోన్ చేయండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకూ ఫోన్ చేసి, వాళ్ల మాత్రల స్ట్రిప్పు వెనకవైపు ఫొటో తీసి పంపమనండి. అందులో మందు పేరు, డోసు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాళ్లు ఇక్కడికొచ్చి మందు అయిపోయిన రోజున ఫార్మసిస్టు మిమ్మల్ని మొదట అడిగేది ఆ కాగితమే.